ఎప్పుడూ ఏడే నొక్కే ఈశ్వరి

హైదరాబాదు,
3 జూలై 2015

ప్రియమైన అక్కకి, స్టాన్లీ వందనాలు.

నువ్వు సీసాలో కట్టి ఇచ్చిన నెత్తళ్ల ఎండుచేపల పొడి రెండు పూటల్లో అయిపోయింది. నా గదిలో ఉండే కుర్రాడిది కడప. మూత తీయగానే ముక్కు మూసుకున్నవాడే, మర్నాటికి సీసా అడుగు స్పూనుతో గీకుతూ దొరికాడు.

నేనిక్కడ నేర్చుకునే పనేమిటో చర్చిలో అడిగితే చెప్పలేకపోతున్నానన్నావు కదా, వివరంగా రాస్తున్నాను. మామూలు సర్వేలో ఎవరో వచ్చి, పోయిన నెలంతా మీరు సంతోషంగా ఉన్నారా అని అడుగుతారు. పోయిన నెల ఎవరికి గుర్తుంటుంది? ఆ పూట కూర మాడితే నెలంతా మాడినట్టే చెబుతాం. అందుకని మా పద్మకుమారి మేడం నేర్పే పద్ధతి వేరు. మనిషి ఏ పనిలో ఉంటే ఆ పనిలోనే, రోజుకి ఐదుసార్లు పలకరించాలి. ఇప్పుడేం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు, ఈ నిమిషంలో మనసెలా ఉంది. ఈ మూడే ప్రశ్నలు. కొన్ని వారాలు అలా అడిగితే ఆ మనిషి రోజులు నిజంగా ఎలా గడుస్తున్నాయో తెలుస్తుంది.

మనం వెళ్లి అడగక్కర్లేదు. ఎప్పుడు మోగుతుందో తెలియకుండా ఫోను మోగుతుంది, రికార్డు చేసిన గొంతు ప్రశ్న అడుగుతుంది, వాళ్లు ఒకటి నుంచి ఏడు వరకూ అంకె నొక్కుతారు. గొంతు నాదే. మిగతావాళ్ల ఉచ్చారణ మేడంకి నచ్చలేదు.

నీ వల్ల కావలసిన సాయం ఇది. మేము తలా ఒక చిన్న అభ్యాసం చేసి చూపించాలి. అది బాగా వస్తేనే మేడం తన పెద్ద పరిశోధనలో చేర్చుకుంటారు. నాకు పన్నెండు మంది ఆడవాళ్లు కావాలి. గరివిడిలో నీ కుట్టుమిషను ముందు కూర్చోని ఆడమనిషి ఎవరున్నారు చెప్పు.

ఫోను చేద్దామంటే బావ నైట్ షిఫ్టు చేసి పగలు పడుకుంటాడు, ఒక్క గది క్వార్టర్లో నువ్వు గుసగుసలాడితే నాకు సగం అందదు. ఎలాగూ ఒప్పుకోలు కాగితాలు పోస్టులోనే పంపాలి. వాటితోపాటే ఉత్తరాలు రాసుకుందాం.

నీ తమ్ముడు
స్టాన్లీ


గరివిడి,
11 జూలై 2015

తమ్ముడు స్టాన్లీకి అక్క దీవెనలు.

దేవుని దయవల్ల అందరం కులాసా అని రాద్దామనుకున్నాను గానీ, నిన్న మిషను బెల్టు తెగింది, చర్చి కోయిరు జాకెట్లన్నీ చేతులు లేకుండా పడున్నాయి. అది తప్ప కులాసా.

నీ ఉత్తరంతో వచ్చిన ప్రశ్నల కాగితం చదివి మీ బావ నిద్ర మానుకుని నవ్వాడు. "ప్రస్తుత క్షణంలో మీ మానసిక స్థితి యొక్క ప్రశాంతతను సూచించే అంకెను నొక్కగలరు." ఒరే, ఇది విన్నవాళ్లు కరెంటాఫీసు నోటీసనుకుంటారు. లక్ష్మణమ్మ పిన్నికి చదివి వినిపించాను. "నా మానసికానికి ఏటయ్యింది? ఎవలు సెప్పారు నీకు?" అని కొట్లాటకొచ్చింది. అదే నేను "పిన్నీ, మనసు నిమ్మళంగా ఉన్నాదా?" అని అడిగితే కూర్చుని ఒక పూట చెప్పింది. కాబట్టి నిమ్మళం అని పెట్టు. మీ మేడంకి ఆ మాట తెలియకపోతే తెలుసుకుంటుంది.

పన్నెండు మంది దొరికారు. మా చర్చి స్త్రీల సమాజంలో వాళ్లే సగం. మిగతావాళ్లు వీధిలో వాళ్లు. ఆరో పేరు ఈశ్వరిది. మా వెనక వీధి. మీ బావతో ప్లాంటులో పనిచేసే దేవేంద్ర భార్య. వాళ్లది చీపురుపల్లి అవతల వ్యవసాయం చేసే కుటుంబం. ఇద్దరు ఆడపిల్లలు, చిన్నదానికి రెండేళ్లుంటాయి. ఇంట్లో అత్త లక్ష్మీనరసమ్మ, రెండు గేదెలు. ఈ మూడింటిలో ఎవరి గొంతు పెద్దదో నేను చెప్పలేను.

ఈశ్వరి మంచి పిల్లే కానీ కాస్త పొగరు. కుళాయి దగ్గర పలకరిస్తే ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు విననట్టే బిందె ఎత్తుకుని పోతుంది. నా ముందు కూర్చున్నప్పుడు మాత్రం మొహంలోకి చూస్తూ ఎంత శ్రద్ధగా వింటుందో. అందుకే నాకిష్టం. జాకెట్టు మెడ ఎంత దింపాలో ఆ పిల్లకి రెండుసార్లు చెప్పక్కర్లేదు.

అందరికీ ఫోన్లు లేవు. కొందరివి మొగుళ్ల జేబుల్లో ఉంటాయి. దాని సంగతి చూడు.

వేళకి తిను.
ప్రిస్కిల్లా


హైదరాబాదు,
20 జూలై 2015

అక్కా,

నిమ్మళం గెలిచింది. మేడం ఆ మాటని మూడుసార్లు పలికి చూసి, మీ అక్క ఏం చదువుకున్నారని అడిగారు. డిగ్రీ, తర్వాత టైలరింగు అని చెప్పాను. ప్రశ్నలన్నీ మళ్లీ రికార్డు చేశాను.

ఫోన్లు లేనివాళ్ల కోసం ఆఫీసు నుంచి చిన్న బటన్ల ఫోన్లు పార్సిల్లో పంపుతున్నాను. మోగేటప్పుడు వణుకుతాయి కూడా, కాబట్టి నడుముకు దోపుకున్నా తెలుస్తుంది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఒకసారి మోగించి, ప్రశ్న వినిపించి, ఏ అంకెకి ఏ అర్థమో వాళ్ల చేత చెప్పించాలి. ఇది ముఖ్యం అక్కా. మేడం దీనికి ఒక రోజు క్లాసు తీసుకున్నారు.

మనసు ప్రశ్నకి ఒకటి అంటే బొత్తిగా బాగులేదు, ఏడు అంటే చాలా నిమ్మళం. చేస్తున్న పనికి ఏడు అంటే విశ్రాంతి. పక్కనున్నవాళ్లకి ఏడు అంటే స్నేహితులు. మిగతావి కాగితంలో ఉన్నాయి.

ఇక్కడ వాన లేదు. అక్కడ వరి ఉడుపులు మొదలయ్యాయా?

స్టాన్లీ


గరివిడి,
4 ఆగస్టు 2015

ఒరే స్టాన్లీ,

నీ గొంతు మా వీధిలో నాలుగు రోజులుగా తిరుగుతోంది. ఎప్పుడు ఏ ఇంట్లో మొదలవుతుందో తెలియదు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ప్రార్థనకి కళ్లు మూసుకోమన్నారో లేదో, ఎడమ వరసలో మూడు నడుములు వణికాయి. మూడు చోట్లా నువ్వే. "నమస్కారం, ఇప్పుడు మీరేం చేస్తున్నారు?" పాస్టరు గారు కళ్లు తెరవకుండానే, ప్రార్థన చేస్తున్నామని చెప్పండమ్మా అన్నారు.

లక్ష్మణమ్మ పిన్ని నీతో మాట్లాడుతోంది. పక్కన ఎవరున్నారని నువ్వు అడిగితే, "ఎవలున్నారు నాయనా, మీ సిన్నాన్న రాజాం ఎల్లినాడు, నానొక్కద్దాన్నే. నువ్వు తిన్నావా?" అంటుంది. నువ్వు మనసు గురించి అడుగుతావు. "తిన్నావా అంటే సెప్పడేటి ఈ కుర్రోడు, సదువుకుంటే మాత్రం" అని నా దగ్గర ఫిర్యాదు. అది రికార్డు పిన్నీ అని చెప్పాను. రికార్డైతే మాత్రం మర్యాదుండక్కర్లేదా అంది. ఆమె అంకెలు నీకు అందుతున్నాయో లేదో మరి.

అందరికీ నేర్పాను. కొందరికి రెండుసార్లు నేర్పాల్సి వచ్చింది. ఈశ్వరి వచ్చిన రోజున కోయిరు జాకెట్ల పని మీద ఉన్నాను, బెల్టు కొత్తది, ఆపితే మళ్లీ జారుతుంది. కుడుతూనే ఫోను చూపించి, "ఇది వణుకుతాది, ఎత్తి ఇలాగ నొక్కాలి" అని మూడుసార్లు ఏడు నొక్కి చూపించాను. బుర్రూపింది. ఒక్కసారికే అర్థమైపోయింది. అందరూ అలాంటివాళ్లయితే నాకు మధ్యాహ్నం కునుకు దొరికేది.

మీ బావకి కూడా ఆ ఫోను ఒకటి కావాలట. ఫర్నేసు దగ్గర నిలబడ్డప్పుడు ఎవరైనా మనసెలా ఉందని అడిగితే చెప్పడానికి చాలా ఉందట.

ఉడుపులు సగం అయ్యాయి. వాన రెండు రోజులు కురిసి మూడు రోజులు మానేస్తోంది.

అక్క


హైదరాబాదు,
16 ఆగస్టు 2015

ప్రియమైన అక్కకి,

నిన్న జెండా వందనం లడ్డూ తింటూ మీ వీధి అంకెలు చూశాను. ఎంత బాగున్నాయో. మధ్యాహ్నం నీళ్లొచ్చే వేళకి అందరి మనసులూ ఒక్కసారి పడిపోతాయి, సాయంత్రం గుమ్మాల్లో కూర్చునే వేళకి లేస్తాయి. ఇది ఎవరూ నోటితో చెప్పలేదు, ఎవరినడిగినా చెప్పేవాళ్లు కూడా కాదు. తెర మీద ఆ గీత లేవడం చూస్తుంటే నేను మీ వీధిలో నడుస్తున్నట్టే ఉంది.

లక్ష్మణమ్మ పిన్నివి సగం ఖాళీలు. ఆమెకి నా తరఫున, తిన్నానని చెప్పు.

ఇంకో సంగతి. తెర మీద నాకు నంబర్లే కనపడతాయి, పేర్లు కావు. కానీ నీ ఉత్తరంలో ఆరో పేరు ఎవరిదో నువ్వే రాశావు కాబట్టి చెబుతున్నాను. మీ ఈశ్వరి అంత అదృష్టవంతురాలు ఈ పన్నెండు మందిలో లేదు. ఒక్క ఫోను కూడా వదలలేదు. ఏం చేస్తున్నారంటే ఏడు, విశ్రాంతి. ఎవరున్నారంటే ఏడు, స్నేహితులు. మనసు, ఏడు. పొద్దున్నా అంతే, సాయంత్రమూ అంతే. క్లాసులో నేను ఆమె గీత చూపించి, అన్ని వేళలా నిమ్మళంగా ఉండే మనిషి ఉంటుందని చెప్పాను. రహస్యమేమిటో అడిగి నాకు రాయి.

స్టాన్లీ


గరివిడి,
25 ఆగస్టు 2015

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఆ నవ్వుతోనే జాకెట్టు ఇవ్వడానికి ఈశ్వరి వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్లకి విశ్రాంతా? తెల్లారి పేడ తీసిన దగ్గర్నుంచి పడుకునే దాకా ఆ ఇంట్లో నడుం వాల్చేది గేదెలే. అరుగు మీద అత్త బియ్యంలో రాళ్లేరుతోంది, దేవేంద్ర షిఫ్టుకి బయల్దేరుతున్నాడు, ఈశ్వరి గుమ్మంలో ఉంది. నేను వేళాకోళంగానే అన్నాను. "ఏటే ఈశ్వరీ, నీకు ఎప్పుడూ విశ్రాంతేనట, చుట్టూ స్నేహితులేనట, మా తమ్ముడు రాశాడు."

అంతే. లక్ష్మీనరసమ్మ చేట కింద పెట్టింది.

"ఓలమ్మా! గేదెల కాడ నా నడుం ఇరిగిపోతంటే, దొరసానికి విశ్రాంతా? అది ఊరు కాని ఊరోడికి ఫోన్లో సెప్పుకుంటన్నాదా? స్నేహితులేటి, ఎవలా స్నేహితులు?"

ఈశ్వరి ఆమె వైపొకసారి, నా వైపొకసారి చూసి నవ్వింది. ఆ నవ్వుకి ముసలామెకి ఒళ్లు మండిపోయింది. దేవేంద్ర చెప్పులేసుకుంటూ, ఏ స్నేహితులని మెల్లగా అడిగాడు. ఈశ్వరి చూపు అత్త మీదే ఉంది. అతను ఇంకేమీ అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. అరిచి ఉంటే బాగుండేది.

మర్నాడు ఈశ్వరి పెద్దపిల్లని పంపి, నా దగ్గర కుట్టడానికిచ్చిన గుడ్డ వెనక్కి తెప్పించుకుంది. కుళాయికి రావడం లేదు. చిన్న వేళాకోళానికి ఇంత అలకా అనిపించింది. ఇంతకీ తను ఎందుకు అలా నొక్కిందో నాకూ తెలియలేదు. నీ ఫోను మాత్రం ఇంకా దాని దగ్గరే ఉంది.

మిగతా వీధి నిమ్మళం.

ప్రిస్కిల్లా


హైదరాబాదు,
1 సెప్టెంబరు 2015

అక్కా,

తొందరలో రాస్తున్నాను. నేను క్లాసులో తల దించుకోవలసి వచ్చింది. ఆరో నంబరు గీత చూసి మేడం ఒకే మాట అడిగారు. ప్రశ్న మొదలయ్యాక ఆమె ఎంతసేపట్లో నొక్కుతోందో చూశావా అని. చూడలేదు. చూస్తే, నేను నమస్కారం అనడం పూర్తికాక ముందే ఏడు పడిపోతోంది. ప్రతిసారీ అంతే. ఆమె ప్రశ్న వినడమే లేదు అక్కా. ఫోను ఎత్తడం, వదిలించుకోవడం. నిమ్మళమని నేను మురిసిపోయింది వట్టి నిర్లక్ష్యం.

క్లాసంతా నవ్వారు. తర్వాత మేడం ఇంకేదో చెప్పారు గానీ నాకు తలకెక్కలేదు.

ఆమెను తీసేద్దాం. ఫోను వెనక్కి తీసుకుని ఇంకెవరికైనా ఇవ్వు. వినే ఓపిక ఉన్నవాళ్లని చూడు.

స్టాన్లీ


గరివిడి,
9 సెప్టెంబరు 2015

స్టాన్లీ,

ఇది మెల్లగా చదువు. చదివాక చింపెయ్యి.

నీ ఉత్తరం పట్టుకుని మొన్న మధ్యాహ్నం ఫోను తీసుకోవడానికి వెళ్లాను. కోపంగానే వెళ్లాను. మా వీధి పరువు హైదరాబాదులో పోయిందని కోపం. వాన అప్పుడే వెలిసింది. లక్ష్మీనరసమ్మ అరుగు మీదుంది. "పెరట్లో ఉన్నాది మారాణి. పిలిసి సూడు. పలికితే నీ అదృష్టం" అంది.

వెనక గుమ్మం దాకా వెళ్లాను. ఈశ్వరి నాకు వీపు పెట్టి గిన్నెలు తోముతోంది. చిన్నపిల్ల మెట్టు మీంచి జారి బురదలో పడి, ఊరంతా వినపడేలా ఏడుస్తోంది. తల్లికి నాలుగు అడుగుల దూరం. ఈశ్వరి తిరగలేదు. బూడిద తీసుకుని ఇంకో గిన్నె మొదలుపెట్టింది. నేను గుమ్మంలోంచి ఈశ్వరీ అని పిలిచాను. మళ్లీ పిలిచాను. ఎంత రాయి మనసు ఈ పిల్లది అనుకున్నాను, ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

అప్పుడే దాని నడుముకున్న ఫోను వణికింది. చెయ్యి చీరకి తుడుచుకుని తీసింది. చెవి దగ్గర పెట్టుకోలేదు. బటన్ నొక్కింది, ఆగి మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కి దోపుకుంది. లేచి తిరిగితే పిల్ల కనపడింది.

ఆ పరుగు నేను చెప్పలేను రా. గిన్నెలన్నీ చెల్లాచెదురు చేసుకుంటూ వచ్చి పిల్లని ఎత్తుకుని, ఎక్కడ దెబ్బ తగిలింది, ఎప్పుడు పడ్డావు అని అడుగుతోంది. ఎంతసేపట్నుంచి ఏడుస్తోందో దానికి తెలియదు.

పిల్ల మోకాలు కడిగాక, ఎదురుగా కూర్చున్నాను. అరవకుండా, మెల్లగా, పెదవులు కదిపి అడిగాను. నీకు వినపడదా అని.

పిల్లని ఒళ్లోకి లాక్కుని, గుమ్మం వైపు ఒకసారి చూసి చెప్పింది.

"బొత్తిగా వినపడదని కాదక్కా. గొంతు గోడకవతల నుంచి వచ్చినట్టుంటాది. ఎవలో మాటాడతన్నారని తెలుస్తాది, ఏటన్నారో తెలీదు. పెద్దది పుట్టాక వినపడ్డం కొంచెం తగ్గింది. సిన్నదాని కాన్పు తరవాత మరీను. మొహం సూస్తే మాట తెలుస్తాది. ఫోనుకి మొహం నేదు కదక్కా."

మరి నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు ఏడు నొక్కి సూపించినావు. అదే నొక్కాలనుకున్నాను. నువ్వడిగిన పని సెయ్యకపోతే నీ దగ్గరికి రావడానికుండదు. ఎదురుగుండా కూకోబెట్టుకుని మాటాడేది నువ్వొక్కద్దానివే" అంది.

నువ్వు విడిగా కూర్చోబెట్టి ప్రశ్న వినిపించమని రాశావు. నేను మిషను ఆపలేదు.

అరుగు మీద ఆ రోజు ఏం జరిగిందో కూడా దానికి తెలియదు. అత్త అరుస్తోందని మొహం చూసి తెలిసింది, నేను నవ్వుతున్నాను కాబట్టి ఏదో వేళాకోళమనుకుని తనూ నవ్విందట. సాయంత్రం పెద్దపిల్ల చెబితే అర్థమైందట. దేవేంద్ర అప్పట్నుంచి మాట్లాడటం లేదు. అసలు ఏడాది నుంచే మాటలు తగ్గిపోయాయి, ఈ ముక్కతో అవీ పోయాయి.

నేను దేవేంద్రకి చెబుతానన్నాను. నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. సెవిటిదాన్ని అంటగట్టినారని మా అమ్మోళ్లని తిడతారు. పిల్లలకీ వస్తాదంటారు. ఇద్దరూ ఆడపిల్లలు" అంది. చెప్పనని మాటిచ్చాను. నీకు రాయడానికి మాత్రం అడిగి అనుమతి తీసుకున్నాను. ఎందుకంటే నువ్వు నిర్లక్ష్యం అని రాసిన మాట నా దగ్గరుంది, అది అక్కడే ఆగిపోవాలి.

దాని గీత చూసి నవ్విన నీ క్లాసు వాళ్ల మీద నాకు కోపంగా ఉంది. నా మీద ఇంకా కోపంగా ఉంది. నీ మీద ఎంత ఉందో తర్వాత రాస్తాను.

అక్క


హైదరాబాదు,
17 సెప్టెంబరు 2015

అక్కా,

చదివాను, చించేశాను.

మేడం దగ్గరికి వెళ్లి, పేరు చెప్పకుండా, జరిగింది చెప్పాను. ఈశ్వరి గారి చెవుల సంగతి కాదు. ఒకరు ఏం నొక్కారో నేను నీకు రాయడం, దానివల్ల ఆ ఇంట్లో గొడవ రావడం, అది చెప్పాను. ఫోను ఎత్తినవాళ్లు మనల్ని నమ్మి నొక్కుతారు, మొగుడికీ అత్తకీ కూడా చెప్పని మాట. దాన్ని నేను లడ్డూ తింటూ ఉత్తరంలో పంచాను.

మేడం ముందు అంతా రాసుకున్నారు. తర్వాత, "నేను ఆ రోజు క్లాసులో చివర ఏమన్నానో చెప్పు" అన్నారు. నాకు తెలియదు. అందరూ నవ్వుతుంటే సిగ్గుతో నేను వినలేదు. ఆవిడ అన్నదేమిటంటే, ఎవరైనా ఇలా నొక్కితే తీసేసే ముందు వెళ్లి ఎందుకో కనుక్కోండి అని. నిర్లక్ష్యం అన్న మాట ఆవిడది కాదు, నాది.

నా అభ్యాసం మొత్తం రద్దు చేశారు. పన్నెండు మందివీ. పెద్ద పరిశోధనలో చోటు సంగతి తర్వాత చూద్దామన్నారు. మా బ్యాచ్‌లో మిగతావాళ్లందరి పేర్లూ ఎంపికైనట్టు బోర్డు మీద పెట్టారు.

ఈశ్వరి గారికి నేనేం చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వు ఎదురుగా కూర్చుని, మెల్లగా, నా తరఫున క్షమించమని అడుగు.

స్టాన్లీ


గరివిడి,
6 అక్టోబరు 2015

ప్రియమైన తమ్ముడికి,

నీ మీద కోపం పోయింది. బోర్డు సంగతి విని మీ బావ, "మనోడు గట్టోడే, దాసుకోకుండా సెప్పినాడు" అన్నాడు. అతని నోట్లోంచి అంత పొగడ్త నా పెళ్లైన తర్వాత ఇదే వినడం.

ఇప్పుడు అసలు సంగతి. నేనేమీ చెప్పలేదు. ఈశ్వరే చెప్పింది. పోయిన వారం నా దగ్గరికొచ్చి, "పిల్ల బురదలో ఏడిసిందే నాకు నిద్దరట్టనివ్వడం నేదు. బావిలో పడున్నా తెలీదు కదక్కా. నువ్వు పక్కనుండు, నానే సెప్తాను" అంది.

దేవేంద్ర షిఫ్టు నుంచొచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఈశ్వరి ఎదురుగా నిలబడి ఒక్క గుక్కలో చెప్పేసింది. అతను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మరి నేను పిలిస్తే..." అన్నాడు.

"మొహం కనపడితేనే తెలుస్తాది."

"రాత్రి దీపం తీసేసినాక నేనెన్ని సెప్పినాను నీకు."

ఈశ్వరి తల అడ్డంగా ఊపింది. ఒక్కటీ వినపడలేదని.

అతను నా వైపు తిరిగాడు. "నా మీద మనసు నేదనుకున్నానక్కా. పలకదు కదా అని పిలవడం మానేసినాను" అన్నాడు. నేను గేదెల్ని చూడ్డానికి వెళ్లాను, నాకక్కడ పనేముంది.

ముసలామె సంగతి నీకు కావాలి కదా. అరుగు మీంచి అంతా వింది. "నోరు పడిపోయేలాగ అరిసినా పలకవేటే అని నాను ఏడుస్తంటే, నీకు సెవులే నేవా? ముందే సెప్తే నా గొంతు మిగిలును కదే" అని కాసేపు తిట్టింది. అంటగట్టారన్న మాట మాత్రం రాలేదు. ఈశ్వరి భయపడిందంతా దాని గురించే. తర్వాత తెలిసిందేమిటంటే, లక్ష్మీనరసమ్మ వాళ్లమ్మకీ ముప్పై దాటాక చెముడేనట. ఎవరి ఇంట్లో లేదు చెప్పు.

పాసింజరులో విజయనగరం వెళ్లొచ్చాం, నేనూ వాళ్లిద్దరూ. డాక్టరు చూసి, చెవి లోపల చిన్న ఎముక బిగుసుకుపోయింది, కాన్పులతో ఇది ఎక్కువవుతుంది, కొంతకాలం తర్వాత ఆపరేషను చెయ్యొచ్చు, ఈలోగా చెవికి మిషను పెట్టుకుంటే బాగానే వినపడుతుందన్నాడు. పిల్లలకి వస్తుందా అని దేవేంద్ర అడిగాడు. రావచ్చు, రాకపోవచ్చు, వస్తే దాచకండి అన్నాడు డాక్టరు. తిరుగు బండిలో ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. అతను ఏ స్టేషనొచ్చినా దాని పేరు పెదవులతో పెద్దగా చదివి చెబుతున్నాడు. ఆమె చదువుకున్న పిల్లరా, బోర్డులు తనకీ కనపడతాయి. అయినా ప్రతిదానికీ బుర్రూపింది.

నీ క్షమాపణ చెప్పాను. "ఆ అబ్బాయి గొంతు ఎలాగుంటాది?" అని అడిగింది. కాస్త ముక్కుతో మాట్లాడతాడని చెప్పాను.

అక్క


హైదరాబాదు,
14 అక్టోబరు 2015

అక్కా,

చిన్న కార్డే. మేడం పిలిచి, మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఒక షరతు. ఈసారి నేనే వచ్చి, పన్నెండు మంది పక్కనా కూర్చుని, మొదటి ఫోను వాళ్లు ఎత్తి జవాబిచ్చేదాకా ఉండాలి. ఎవరెవరు ఏం నొక్కారో నీకు కూడా చెప్పకూడదు, నువ్వు అడగకూడదు. నెలాఖరుకి వస్తున్నాను. ఈశ్వరి గారిని మళ్లీ ఉంటారా అని నేనే అడుగుతాను, వద్దంటే అక్కడితో ఆపేస్తాను.

నా గొంతు ముక్కుతో ఉండదు.

స్టాన్లీ


గరివిడి,
22 నవంబరు 2015

ప్రియమైన స్టాన్లీకి,

నువ్వు వెళ్లాక వీధి బోసిపోయింది. పన్నెండు ఇళ్లలో టీ తాగిన మనిషివి, కడుపు ఎలా ఉంది? లక్ష్మణమ్మ పిన్ని ఇప్పుడు నీ రికార్డుతో మాట్లాడటం లేదు. అబ్బాయి నా పక్కన కూకుని తిన్నాడు, ఇంక అడగడానికేటుంది అంటోంది. చక్కగా నొక్కుతోంది.

ఈశ్వరికి మిషను పెట్టిన వారం గోల చెప్పలేను. గేదె నెమరు వేస్తే చప్పుడవుతుందని దానికి తెలియదు. కాగితం మడతపెడితే ఉలిక్కిపడేది. చిన్నది పొద్దస్తమానం ఏదో కూనిరాగం తీస్తూ తిరుగుతుందట, ఏ పాటా కాదు, మాటలూ లేవు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, తల్లికి తప్ప. రెండు రోజులు పిల్ల వెనకాలే తిరిగింది.

ముసలామె కుళాయి దగ్గర నిలబడి, "మా కోడలికి సెవుల్లో మిషను పెట్టినారు, అన్నీ యింటాది, జాగర్తగా మాటాడండి" అని హెచ్చరిక చేసింది. తను మాత్రం జాగ్రత్తపడలేదు. ఆమె తిట్లు మొదలవగానే ఈశ్వరి జుట్టు సర్దుకుంటున్నట్టు చెయ్యి పెట్టి మిషను ఆపేస్తుంది. అది నాకొక్కదానికే తెలుసు. దేవేంద్రకి కూడా తెలుసేమో, ఎందుకంటే అప్పుడతను పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

నిన్న సాయంత్రం నా గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతోంది. ఫోను మోగింది. దారం పళ్ల మధ్య పెట్టుకుని ఎత్తింది. నేను కుట్టు ఆపాను. ఏదో చెప్పబోతే, ఆగమని నాకు చెయ్యి చూపించింది. నీ ప్రశ్న మొత్తం వింది. కళ్లు వీధిలోకి పెట్టి, పక్కన కూర్చున్న మనిషి మాట విన్నట్టు. మొదటిదానికి నొక్కింది. రెండోదానికి గదంతా ఒకసారి చూసి, నా వైపు చూసి నొక్కింది. మూడో ప్రశ్నకి మాత్రం వెంటనే నొక్కలేదు. ఆలోచించింది. ఏ అంకె మీద వేలు పెడుతుందా అని నేను మెడ సాచాను, అబద్ధమెందుకు.

అది చూసింది. నవ్వి, అటు తిరిగి, నాకు వీపు పెట్టి నొక్కింది.

నీ
ప్రిస్కిల్లక్క